బాణం గుర్తు కింద అద్దం పలుకు

ఆసుపత్రి రెండో అంతస్తు, ఆరో నంబరు గది. గడియారంలో ఎనిమిదీ యాభై. మధ్యాహ్నం మూడింటికల్లా కాగితాలు మేజిస్ట్రేటు బల్ల మీద ఉండాలి. అంటే చేతిలో ఆరు గంటల పది నిమిషాలున్నాయి.

రోడ్డు ప్రమాదాల దర్యాప్తు విభాగంలో ఆవిడను పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఎక్కడికెళ్ళినా ముందు టేపు బయటికి తీస్తుంది కాబట్టి వెనకాల అందరూ 'కొలతల మేడమ్' అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. మొదట్లో నొచ్చుకుంది. తర్వాత పట్టించుకోవడం మానేసింది.

మంచం మీద పడుకున్నది పరదేశం నుంచి వచ్చిన మనిషి. తన ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకుంటుంది. నిన్న పొద్దున ఏడూ పదికి, కొండ దారిలో, ఆమె నడుపుతున్న అద్దె కారు రోడ్డుకు తప్పుడు పక్కన వచ్చి, మోటారు సైకిలు మీద ఎదురొచ్చిన పశువుల డాక్టరును గుద్దింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. ఆమెకు రెండు పక్కటెముకలు విరిగాయి, తలకు దెబ్బ తగిలింది. తలుపు బయట కానిస్టేబులు కాపలా ఉన్నాడు.

ఆమె దేశంలో బళ్ళు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. ఇక్కడ ఎడమపక్కన. కేసంతా ఈ ఒక్క ముక్కలో తేలిపోయిందని రోడ్ల శాఖ ఇంజనీరు నిన్ననే ఆరు పేజీలు రాసి పంపించాడు. బోర్డు ఉంది, నేల మీద బాణం గుర్తు ఉంది, అద్దె కంపెనీ జాగ్రత్తలు చెప్పింది. అన్నీ తెలిసీ లెక్కచెయ్యలేదని ఆ ఆరు పేజీల సారాంశం. మూడింటిలోగా కొలతల మేడమ్ తన కాగితం జతచెయ్యకపోతే ఆ ఆరు పేజీలే అభియోగమవుతాయి. తెలిసీ చేసిన నిర్లక్ష్యానికి ఏడేళ్ళు జైలు.

ఇద్దరికీ సగం సగం వచ్చిన మూడో భాషలో మాట్లాడుకుంటున్నారు. అందుకని మాటలు పొట్టిగా ఉన్నాయి.

"వ్యూ పాయింటులో ఎంతసేపు ఆగారు?"

"పది నిమిషాలు. ఫోటో తీసి మా ఆయనకి పంపాను. ఏడూ అయిదుకి. ఫోన్లో ఉంటుంది, చూడండి."

"అక్కడిదాకా నలభై కిలోమీటర్లు. ఒక్కసారి కూడా పక్క తప్పలేదు. ఎలా?"

"ముందు బస్సు ఉంది. ఎర్ర బస్సు. అది ఎటు పోతే నేనూ అటు."

"వ్యూ పాయింటు నించి బయటికి వచ్చాక?"

"బస్సు లేదు. ఎవ్వరూ లేరు. అనుమానం వచ్చి ఆగాను." ఆమె కళ్ళు మూసుకుంది. "ఏదో చూసుకున్నాను. సరిచూసుకుని మరీ తిప్పాను. ఏం చూశానో గుర్తు రావడం లేదు. కంగారులో తిప్పలేదండీ. ఆలోచించి తిప్పాను. అదే నన్ను చంపేస్తోంది."

"నేల మీద తెల్ల బాణం చూశారా? మనిషంత పొడుగుంటుంది."

"లేదు. కొత్త తారు. అంతా నలుపే."

మేడమ్ అది రాసుకుని, "చేతులు చూపించండి" అంది.

గుద్దినప్పుడు కారులోంచి ఉబ్బి వచ్చే గాలి సంచి ఆమె చేతుల్ని మోచేతులదాకా ఎర్రగా కమిలించింది. కుడి మణికట్టు మీద మాత్రం, ఆ ఎరుపు మధ్యలో, చుట్టూ గీసినట్టు ఒక తెల్లటి చార. అక్కడ చర్మానికి ఏమీ కాలేదు. ఏదో అడ్డం ఉండి కాపాడింది. మేడమ్ టేపు పెట్టింది. రెండు సెంటీమీటర్లు. ఆమె వస్తువులున్న సంచిలోంచి గడియారం తీసి దాని పట్టీ కూడా కొలిచింది. ఒకటిన్నర.

"గడియారం ఏ చేతికి పెట్టుకుంటారు?"

"ఎడమ. నిన్న పెట్టుకోలేదు."

మేడమ్ నర్సు వైపు తిరిగింది. "కుడి చేతికి ఏమైనా ఉందా, తెచ్చినప్పుడు?"

"ఏమో మేడమ్. అలాంటప్పుడు చేతికి ఏదుంటే అది కత్తిరించి పారేస్తాం. చూస్తూ కూచుంటామా?"

పుస్తకంలో 'కుడి మణికట్టు, రెండు సెం.మీ.' అని రాసి పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకుంది మేడమ్. జవాబు లేని కొలత పుస్తకంలో ఉంటే ఆవిడకు పంటి కింద రాయిలా ఉంటుంది.

"మా ఆయన వస్తున్నారా?"

"వస్తున్నారు. ఎనిమిదింటికి మాట్లాడాను."

ఆయన రేవుపట్నంలో హోటల్లో ఉన్నాడు. భార్య లైసెన్సు అసలు కాగితాలు ఆయన దగ్గరే ఉన్నాయి. పన్నెండింటి బస్సెక్కితే మూడింటికి అందవు. అందుకని మేడమే చెప్పింది, కారు అద్దెకు తీసుకుని వెంటనే బయల్దేరమని. దారిలో ఆ చోటు చూసి వస్తానన్నాడాయన. ఎక్కడని అడిగితే, 'కుడివైపు లోయ ఉంటుంది, రాతి పిట్టగోడ ఉంటుంది, కారు ఆపుకునే జాగా ఉంటుంది' అని చెప్పింది. చివర్లో ఇంకోమాట కూడా అంది: 'నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకండి, నేను చేసినా సరే.' 'ఎత్తను' అన్నాడాయన, చిన్నపిల్లాడు మాటిచ్చినట్టు.

నడవాలో బెంచీ మీద చనిపోయిన డాక్టరు అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో తమ్ముడి హెల్మెట్. దానికి ఒక్క గీత కూడా పడలేదు.

"ఆవిడ మాట్లాడుతోందా అమ్మా?"

"మాట్లాడుతోందక్కా."

"మా తమ్ముడు ఆ దారిలో ఇరవై ఏళ్ళు తిరిగాడు. ఆవులు ఈనడానికి టైమంటూ ఉండదు కదా, వానైనా చీకటైనా వెళ్ళాడు. ఎప్పుడూ తన అంచు దాటి ఎరగడు." ఆమె హెల్మెట్ మీద చెయ్యి తిప్పింది. "ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని పొద్దున్నించీ ఇక్కడే కూచున్నా. రావడం లేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో సరిగ్గా చెప్పు, చాలు. తప్పు మనిషి మీద తెచ్చుకుంటే వాడికి నచ్చదు."

"మూడింటికి చెప్తాను."

 చెప్పగలనని ఆవిడకేమీ నమ్మకం లేదు.

*

జీపు నడిపే ఆయన ఉద్యోగంలో ఆవిడకంటే పదేళ్ళు పాత. ఆవిడకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. అందుకే ఆవిడ 'బాబాయ్' అంటుంది, ఆయన నలుగురిలో 'మేడమ్' అనీ జీపులో 'అమ్మాయ్' అనీ అంటాడు.

"ఇంజనీరు మనకంటే ముందే వెళ్ళాడట, అమ్మాయ్. అద్దె కంపెనీ కౌంటర్లో కూచునే ఆవిణ్ణి కూడా తన కార్లో ఎక్కించుకొచ్చాట్ట, సాక్ష్యానికి. పెళ్ళికి ముత్తైదువని తీసుకొచ్చినట్టు."

"వంతెన కేసులో ఓడిపోయిన దగ్గర్నించీ ఆయన సాక్షి లేకుండా గుమ్మం దాటడు బాబాయ్."

"మరి నువ్వు ఆయన రాసిందంతా అంగుళాలు కొలిచి తప్పని తేల్చావు. వాళ్ళావిడ కూడా అన్నం అలా కొలిచి పెడుతోందేమో పాపం."

ఆవిడ నవ్వలేదు. పదీ ఇరవైకి వ్యూ పాయింటు చేరారు.

చోటు చూడగానే బొమ్మ మనసులో పడింది. రేవుపట్నం నుంచి కొండెక్కి ఇటు కిందికి దిగుతున్నప్పుడు లోయ కుడివైపు ఉంటుంది, వ్యూ పాయింటు కూడా కుడివైపే. మళ్ళీ కిందికి పోవాలంటే బయటికొచ్చి, దగ్గరి వరస దాటి, కొండను ఆనుకున్న అవతలి వరసలోకి వెళ్ళాలి. దగ్గరి వరస ఎదురొచ్చే బళ్ళది. కుడిపక్క నడపడం అలవాటైన మనిషి మాత్రం ఏమీ దాటదు. దగ్గరి వరసలోకే తిరుగుతుంది. ఆమె అలాగే తిరిగింది. నూట ఎనభై మీటర్ల అవతల మలుపు. మలుపులో డాక్టరు.

బయటికొచ్చే చోట, నల్లటి కొత్త తారు మీద, తెల్లటి బాణం. అవతలి వరసకు దారి చూపిస్తోంది. మచ్చ లేదు, మాసిపోలేదు.

"రండి మేడమ్, టేపు తెచ్చారా?" అన్నాడు ఇంజనీరు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చంకలో ఫైలు. "లేకపోతే చెప్పండి, మా దగ్గర లారీ నిండా ఉన్నాయి."

"బాణం ఎప్పుడు వేశారు?"

"నాలుగు రోజుల కిందట. రిజిస్టర్లో సంతకం ఉంది."

"ఆమె చూడలేదంటోంది."

"చూశానని ఎవరంటారు? జైలుకి పోయేటప్పుడు అందరి కళ్ళూ పోతాయి. అందులో కళ్ళజోళ్ళ కొట్టు!" తన మాటకు తనే నవ్వుకున్నాడు.

 మేడమ్ బాణం పక్కన గొంతుక్కూర్చుంది. పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది, తర్వాత అరచేతిని రంగు మీద పెట్టి మెల్లగా జరిపింది. బాణం మొన దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ వెనక్కి జరిపింది. రంగు కింద ఏదో పలుకు.

"బాబాయ్, చాకు."

"ఏం చేస్తున్నారు? అది ప్రభుత్వ ఆస్తి!" ఇంజనీరు రెండడుగులు ముందుకేశాడు.

"గోరంత తీస్తాను. కావాలంటే రసీదిస్తాను."

రంగు పొర లేచింది. దాని కింద పెసరగింజంత అద్దం పలుకు. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టింది.

ఇంజనీరు ఊపిరి వదిలాడు. "ఓస్, దీనికా? రోడ్డు రంగులో గాజు ఉంటుంది మేడమ్. లైటు పడితే మెరవాలని రంగు మీద గాజుపూసలు చల్లుతాం. ఇది నేర్పించడానికి నేను రావాలా?"

"చల్లుతారు. ఎలా ఉంటాయవి?"

"ఎలా ఉంటాయేంటి? ఇసకలా. గుండ్రంగా."

"ఎక్కడ ఉంటాయి?"

"పైన. రంగు మీద."

"ఇది చూడండి. పలకలుగా ఉంది. అంచు కొంచెం నీలం. ఉన్నది రంగు కింద." లేవకుండానే తలెత్తింది. "కారు పక్క అద్దం పగిలితే ఇలాగే పలుకులవుతుంది. నిన్న తొమ్మిదింటికి క్రేను ఆ కారును మలుపులోంచి ఈడ్చుకొచ్చి ఇక్కడ పెట్టింది. దారి పొడుగునా అద్దం రాలుస్తూ. సాయంత్రం నాలుగింటికి స్టేషనుకు తీసుకెళ్ళారు. నిన్న తొమ్మిదింటికి రాలిన అద్దం, నాలుగు రోజుల కిందట వేసిన రంగు కిందికి ఎలా దూరింది?"

ఇంజనీరు ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మారింది.

"ఇంకో మూడు చోట్ల తగిలింది చేతికి. అన్నీ తియ్యమంటారా?"

"అక్కర్లేదు."

"ఎప్పుడు వేశారు?"

"నిన్న. సాయంత్రం ఆరింటికి." గొంతు తగ్గింది. "ఇరవై రోజుల కిందట కొత్త తారు పోశాం. పాత బాణాలన్నీ కిందికి పోయాయి. రంగు లారీ చెడిపోయి మూలపడింది. రేపు రేపు అంటున్నారు. నేనేం చెయ్యను? నేనడిగితే అందరూ రేపే అంటారు."

"ఈ దారిలో వ్యూ పాయింట్లెన్ని?"

"పదకొండు."

"బాణాలెన్నింటికి ఉన్నాయి?"

"దీనికి." ఫైలుతో పై మలుపు వైపు చూపిస్తూ, "పొద్దున్న లారీ పైకి పంపించాను. మూడు కిలోమీటర్ల అవతల ఇంకోటుంది, ఇప్పుడు దాని దగ్గరే ఉంటారు. ఒకటీ ఒకటీ వేసుకుంటూ పోతారు" అన్నాడు.

"ఎవరికీ తెలీకుండా."

"వెయ్యకపోతే మేలా?" అతను ఒక్కసారి రెచ్చిపోయాడు. "సరే, బాణం లేదు. ఒప్పుకుంటున్నా. బాణం లేకపోతే తప్పుడు పక్కకి పోవాలని రాసుందా? ఆమె చేతికి పట్టీ ఉంది! ఈ ఏడాది నించీ పరదేశం వాళ్ళకి కారిచ్చే ముందు చేతికి పట్టీ కడుతున్నారు. పట్టీ ఉన్న చెయ్యి ఎప్పుడూ రోడ్డు అంచు వైపుండాలి. అంతే. భాష రానక్కర్లేదు, బోర్డు చదవక్కర్లేదు. పసిపిల్లలకి కూడా అర్థమవుతుంది. అది కట్టాక కూడా తప్పుడు పక్కకి పోయిందంటే ఏమనాలి? ఇదిగో, కట్టినావిడే ఉంది. అడగండి."

కౌంటరావిడ ఇంతసేపూ పిట్టగోడ దగ్గర చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. నీటుగా దువ్విన జుట్టు. సర్వీసు పదకొండేళ్ళని ముందే చెప్పేసింది.

"నేనే కట్టాను మేడమ్. నా చేతుల్తో. ఒకసారి బిగించాక కత్తిరిస్తే తప్ప రాదు. ఆవిడ నవ్వింది కూడా, ఆసుపత్రి పట్టీలా ఉందని."

మేడమ్ టేపు తీసింది. "పట్టీ వెడల్పెంత?"

"అదేం ప్రశ్నండీ?" అంటూనే కౌంటరావిడ సంచిలోంచి ఒక పసుప్పచ్చ పట్టీ తీసింది.

టేపు పెట్టింది మేడమ్. రెండు సెంటీమీటర్లు. పుస్తకంలో ప్రశ్నగుర్తు ఉన్న పేజీ కళ్ళ ముందు తిరిగింది. కుడి మణికట్టు. ఇక్కడ కారు ఎడమపక్కన పోతుంది, ఎడమ చెయ్యి అంచు వైపుంటుంది. పట్టీ ఉండాల్సింది ఎడమ చేతికి.

"ఏ చేతికి కట్టారమ్మా?"

"కట్టాల్సిన చేతికే."

"అంటే?"

"అంటే ఏంటండీ? ఈ ఏడాది రెండు వందల మందికి కట్టాను. ఒక్కరి దగ్గర మాట పడలేదు."

"నాకు కట్టండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. కౌంటర్లో ఎలా కడతారో అలా."

కౌంటరావిడ పట్టీ విప్పి మేడమ్‌కు ఎదురుగా నిలబడింది. మేడమ్ రెండు చేతులూ చాపింది. కౌంటరావిడ చెయ్యి ఒక చేతి మీదికి వెళ్ళింది, ఆగింది, రెండో దాని మీదికి వెళ్ళింది, అక్కడా ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. కొండ, రోడ్డు, పిట్టగోడ, లోయ.

"ఇక్కడ గోడ లేదు కదండీ" అంది.

 జీపు బానెట్ మీద కూర్చున్న బాబాయ్ కిందికి దిగాడు.

"ఏ గోడ?"

"కౌంటరు గోడ. మాకు ఇరవై భాషల వాళ్ళొస్తారు. ఎడమ అంటే కుడి చెయ్యి ఇస్తారు. ఎదురుగా నిలబడేసరికి మాకూ తికమకే, మన ఎడమా వాళ్ళ ఎడమా? అందుకని మా మేనేజరు పట్టీలొచ్చిన రోజే చెప్పాడు, కుడీ ఎడమా మాటే ఎత్తొద్దు, గోడ వైపున్న చేతికి కట్టెయ్యండి అని. కౌంటరు పక్కనే గోడ కదా. ఇంక పొరపాటనేది లేదు."

"కౌంటరు ఎప్పుడూ అక్కడేనా?"

"ఎప్పుడూ అక్కడే. అంటే, ఇప్పుడు కాదు. కప్పు కారుతోందని మొన్న సోమవారం హాలుకి ఆ చివర్నించి ఈ చివరికి మార్చారు. ఇక్కడా పక్కన గోడ ఉంది, అదేమీ..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. తనే కారు తీసుకోవడానికి వచ్చిన మనిషిలా కొత్త కౌంటరు ముందు నిలబడి చూసుకుంటోందని మేడమ్‌కు అర్థమైంది. పెదాలు కదిలాయి. తర్వాత ఒక చెయ్యి దానంతటదే మెల్లగా పైకి లేచింది.

కుడి చెయ్యి.

"అయ్యో" అంది కౌంటరావిడ. "అయ్యయ్యో!"

పిట్టగోడ మీద కూలబడింది. ఇంజనీరు ఫైలు తెరిచి, ఏం చదవాలో తెలియనట్టు మూసేశాడు.

'సరిచూసుకుని మరీ తిప్పాను' అంది ఆసుపత్రిలో ఆమె. నిజమే చెప్పింది. అనుమానం వచ్చి ఆగింది. నేల మీద బాణం లేదు. చేతి వైపు చూసుకుంది. పట్టీ ఏం చెప్పిందో అదే చేసింది.

మేడమ్ ఆ మాట రాసుకుంటూ ఉండగానే ఇంకో మాట తట్టింది.

"సోమవారం నించి ఎంతమందికి కట్టారు?"

"ఆరుగురికి."

"ఇవాళ?"

"ఒక్కాయనకే. తొమ్మిదింటికి. నేను సార్ కారెక్కే ముందు. పాపం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండీ, భార్య ఆసుపత్రిలో ఉందని. ఆవిడ భర్తేనని అప్పుడే తెలిసింది. హోటల్లో కాగితాలు తీసుకుని బయల్దేరతానన్నాడు. నేనే నాలుగుసార్లు చెప్పాను, పట్టీ చూసుకోండి, పట్టీ చూసుకోండి అని."

పదీ యాభై అయిదు. ఆయన ఈపాటికి దగ్గర్లోనే ఉంటాడు. మేడమ్ ఫోన్ తీసి నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. 'నడిపేటప్పుడు ఎత్తకండి, నేను చేసినా సరే.'

ఆయన ఆగకుండా నేరుగా వచ్చేస్తే ఫరవాలేదు. ఇప్పుడు రోడ్డు మీద ముందు బళ్ళుంటాయి. ఎక్కడో ఆగి, ఖాళీ రోడ్డు మీదికి మళ్ళీ ఎక్కితేనే ముప్పు. ఆగకపోవడానికి లేదు. ఆ చోటు చూస్తానన్నాడు. కుడివైపు లోయ, రాతి పిట్టగోడ, ఆపుకునే జాగా. అలాంటివి పదకొండున్నాయి. వెంట్రుకవాసి కూడా కొలిచే తను, ఎన్నో కిలోమీటరో మాత్రం ఆయనకు చెప్పలేదు.

"మీ లారీ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. త్వరగా."

ఇంజనీరు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రంగు మేస్త్రీ గొంతు స్పీకర్లో గట్టిగా వచ్చింది.

"చెప్పండి సార్. ఇప్పుడే బాణం రేకు అచ్చు పరిచాం. ఇంకా రంగు పొయ్యలేదు."

"అక్కడ ఎవరైనా ఆగారా? పరదేశం ఆయన, ఒక్కడే?"

"ఉన్నాడు సార్. చాలాసేపట్నించీ పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. ఫోన్లో ఏదో ఫోటో చూసుకుంటా, లోయ చూసుకుంటా. మాకేమో మాట తెలీదు. మంచినీళ్ళిచ్చాం, తాగాడు."

"ఆపు. కదలనివ్వకు!"

"కారెక్కేశాడు సార్. మేం దారిచ్చాం. ఇదిగో బయటికొచ్చాడు. ఆగాడు. చెయ్యి చూసుకుంటున్నాడు." ఫోన్లో గాలి చప్పుడు. "సార్, ఈయనేంటి, లోయ పక్కకి తిప్పాడు... ఏయ్! ఏయ్ బాబూ!"

సరిగ్గా అప్పుడే కింది మలుపులోంచి ఎర్ర బస్సు వచ్చి, వాళ్ళ ముందు నుంచే, లోయ పక్క వరసలో పైకి ఎక్కిపోయింది. కిటికీలో ఎవరో పాప చెయ్యి ఊపింది.

"బాబాయ్!"

అప్పటికే జీపు స్టార్టయి ఉంది.

మూడు కిలోమీటర్లు. పైనుంచి కారు, కింద నుంచి బస్సు, రెండిటిదీ ఒకటే వరస. మేడమ్ మనసు అలవాటుకొద్దీ లెక్క కట్టింది. రెండున్నర నిమిషాలు. ఆ లెక్క తెలియకపోతే బావుండుననిపించింది ఆవిడకు.

బాబాయ్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు. బస్సు డ్రైవరు పక్కకు జరగలేదు. పోలీసు జీపు తనకోసం కాదనుకున్నాడు. రెండో మలుపు దాటాక కాస్త తిన్నటి దారి దొరికింది. బాబాయ్ కొండ పక్క వరసలోకి దూకి, బస్సును దాటి, దాని ముందు అడ్డంగా జీపు నిలిపేశాడు. బస్సు బ్రేకులు కీచుమన్నాయి. లోపలి నుంచి తిట్లు.

"ఎవడ్రా నీకు లైసెన్సిచ్చింది?" అని అరిచాడు బస్సు డ్రైవరు.

"మీ నాన్న! దిగకు, అక్కడే కూచో!" అన్నాడు బాబాయ్.

మేడమ్ దిగి పరిగెత్తింది. పై మలుపు యాభై అడుగుల్లో ఉంది. ఒంటి మీది నారింజ రంగు డ్యూటీ కోటు విప్పి చేత్తో పట్టుకుంది. మలుపు తిరిగేసరికి కారు కనిపించింది. లోయ పక్క వరసలో, అంచుకు సమానంగా, గీత గీసినట్టు జాగ్రత్తగా వస్తోంది. వేగం ఎక్కువేమీ కాదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపే మనిషి.

ఆవిడ ఆ వరస మధ్యలో నిలబడి కోటు ఊపింది. ఇంకో చెయ్యి చాపి, ఆగమని అరిచింది. ఏ భాషలో అరిచిందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

టైర్లు అరిచాయి. కారు ముక్కు కిందికి వంగి, లేచి, ఆగింది. దానికీ తనకూ మధ్య జాగా ఉంది. టేపు జేబులోనే ఉంది. ఆవిడ తియ్యలేదు.

అద్దం కిందికి దిగింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది. కుడి చెయ్యి పైకెత్తి పట్టీ చూపించాడు.

"నేను సరైన పక్కనే ఉన్నాను కదా? చూసుకుంటూనే వచ్చాను."

మలుపు అవతల బస్సు హారన్ మోగింది. ఆయన అటు చూశాడు, చేతి వైపు చూసుకున్నాడు, మళ్ళీ అటు చూశాడు. ఆవిడ మాటల కోసం వెతుక్కునే లోపలే ఆయనకు అంతా తెలిసిపోయింది. స్టీరింగు మీద తల ఆనించాడు.

"మా ఆవిడ కూడా..." అన్నాడు. "మా ఆవిడ కూడా చూసుకునే తిప్పింది."

"అవును" అంది మేడమ్. "అదే రాయబోతున్నాను."

*

ఇంజనీరు కారు వచ్చి ఆగింది. అతను దిగి, బస్సు కిటికీల్లోంచి తొంగిచూస్తున్న ముఖాల్ని ఒకసారి చూసి, జేబులోంచి కలం తీశాడు. ఆరు పేజీల ఫైలు జీపు బానెట్ మీద పెట్టాడు.

"ఏం రాయమంటారు?"

"బాణం నిన్న సాయంత్రం ఆరింటికి వేశామని. మిగతా పదింటికి లేవని. అంతే. ఇంకేం వద్దు."

రాశాడు. సంతకం దగ్గర చెయ్యి ఆగింది. "నా ఉద్యోగం పోతుంది మేడమ్."

"పోవచ్చు. ఆసుపత్రి నడవాలో ఒకావిడ కూచుంది, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని. మూడింటికి ఆవిడకి జవాబు చెప్తానన్నాను. సంతకం పెట్టి మీరూ రండి. నేనొక్కదాన్నే చెప్పలేను."

సంతకం పడింది. మేడమ్ ఫైలు మూసి తలెత్తింది.  ఇంజనీరు కారు పక్కన కౌంటరావిడ ఒంటరిగా నిలబడి ఉంది. చేతిలో చిన్న పుస్తకం. 

"ఆరుగురండీ. ఒకావిడ ఆసుపత్రిలో. ఒకాయన ఇక్కడ." పుస్తకం తిప్పి చూపించింది. నాలుగు వరసలు, నాలుగు ఫోన్ నంబర్లు. "ఇద్దరు సముద్రం ఒడ్డు దారిన పోయారు. ఒకరు ఎటు పోతారో చెప్పలేదు. ఈ చివరిది పిల్లలతో ఉన్న కుటుంబం, వెనక సీట్లో ముగ్గురు. ఇదే కొండ దారి, అవతలి వైపు."

"ఫోన్ చేశారా?"

"దారంతా చేస్తూనే వచ్చాను. ఇప్పుడు కూడా చేస్తున్నాను." ఆమె ఫోన్ మేడమ్ చెవి దగ్గర పెట్టింది. అవతల గంట మోగుతోంది, మోగుతోంది.

"మోగుతోంది కానీ ఎత్తరండీ" అంది కౌంటరావిడ. "బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని నేనే గట్టిగా చెప్పాను. నలుగురికి నలుగురూ బుద్ధిగా వింటున్నారు."